సగం చార్జి

అది కొట్టెయ్యి కోడలా. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టేదానికి ఇది ఉత్తరం కాదు. నీ కూతురు కథ అడిగింది, కథే చెప్తా. నేను నిదానంగా చెప్తా, నువ్వు నిదానంగా రాసుకో. యాడన్నా అర్థం కాకుంటే ఆపి అడుగు. సొంతంగా మాత్రం ఏమీ కలపొద్దు.

మొన్న ఆదివారం ఫోనులో నీరజ అడిగిన మాట నువ్వూ విన్నావు. "తాతా, నీకూ అవ్వకూ పెండ్లి ఎట్ల కుదిరిందో అవ్వ తన పక్క చెప్పేసింది. నీ పక్క ఏంది?" అని. ఫోనులో చెప్పే కథ కాదు అది. అందుకే నిన్ను కూర్చోబెట్టాను.

మీ అత్త బెంగళూరుకు పోయి పదిహేను రోజులైంది. మనవరాలికి పని ఎక్కువైందట, వేళకు తినడం లేదట. ఆ సంగతి తెలిసిన మరుసటి రోజే నిమ్మకాయ ఊరగాయ జాడీ పట్టుకుని బస్సెక్కింది.

నీరజ చేసే పని నాకు అర్థమైనంత వరకు ఇదీ. చిన్న చిన్న ఉపగ్రహాలు. కొన్నయితే మన బియ్యం డబ్బా కన్నా చిన్నవట. పైకి పోయాక గంటన్నరకొకసారి భూమిని చుట్టి వస్తాయి. ఆ గంటన్నరలో ఓ గంట ఎండ, ఓ అరగంట భూమి నీడ. ఎండలో పలకలు కరెంటు పుట్టిస్తాయి. నీడలోకి పోయినప్పుడు బ్యాటరీ తిండి పెట్టాలి. ఎంత పుట్టించాలి, ఎంత దాచాలి, తక్కువ పడితే ముందు దేన్ని ఆపాలి, చివరిదాకా దేన్ని ఆపకూడదు అనేదంతా నీరజ లెక్క. తొమ్మిదేళ్లుగా అదే పని. మొదట ఇంకొకరి కింద చేసింది, ఇప్పుడు తన కింద ఆరుగురు ఉన్నారు. దానికి పవర్ సిస్టమ్స్ అని పెద్ద పేరుంది. ఎవరైనా అడిగితే నేను మాత్రం, మా మనవరాలిది బ్యాటరీల పని, నా పనే అంటాను. ఆ పిల్ల కూడా కాదనదు.

నేను ఆ పనిలో చేరింది పంతొమ్మిది వందల యాభై మూడులో. మాది మహానంది దారిలో చిన్న పల్లె. నలుగురు అన్నదమ్ములం, ఉన్న చేను ఇద్దరికి సరిపోదు. మూడో తరగతి దాటని నన్ను మా నాయన నంద్యాలకు తీసుకొచ్చి, బస్టాండు పక్క సందులో సంజీవయ్య బ్యాటరీల అంగడిలో వదిలిపెట్టాడు. బస్సుల బ్యాటరీలు, లారీల బ్యాటరీలు, చుట్టుపక్కల ఊళ్ల రేడియో బ్యాటరీలు అక్కడికి వచ్చేవి. అప్పట్లో ఊళ్లలో కరెంటు లేదు కదా. రేడియో కొన్నవాళ్లు మోటారు బ్యాటరీ పెట్టుకుని వినేవాళ్లు. అది దిగిపోతే నంద్యాలకు పంపాలి.

సంజీవయ్య చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. చేరిన రోజే ఒక మాట చెప్పాడు.

"ఓబులేసూ, బియ్యం తక్కువైతే కొలతలో తెలుస్తాది. గుడ్డ తక్కువైతే గజంలో తెలుస్తాది. బ్యాటరీ తక్కువైతే మనకు తప్ప ఇంగెవురికీ తెల్దు. అందుకని ఈ పని నమ్మకమున్నోడే చెయ్యల్ల."

ఆయనకు ఇంకో నియమం ఉండేది. నింపిన బ్యాటరీని బస్సు మీద వేసి పంపడు. ఒకసారి యాసిడ్ ఒలికి ఎవరిదో పెండ్లి చీర పాడైంది. అప్పటినుంచి అంగడి మనిషే చెక్కపెట్టెలో పెట్టుకుని పోవాలి, తన చేత్తో తీగలు తగిలించాలి, రేడియో పలికిందాకా కూర్చోవాలి, దిగిపోయిన బ్యాటరీని వెంట తెచ్చుకోవాలి. ప్రతి ఇంటికీ రెండు బ్యాటరీలు. ఒకటి ఇంట్లో పలుకుతుంటే ఇంకొకటి అంగడిలో నిండుతుంటుంది.

ఇక్కడ ఒక గీత గీయి కోడలా. ఇప్పుడు ఆళ్లగడ్డకు పోదాం.

యాభై ఏడు శ్రావణంలో ఆళ్లగడ్డ కొండయ్య రేడియో కొన్నాడు. పత్తి, జొన్న పండించే పెద్ద రైతు. మాట తక్కువ, చూపు ఎక్కువ. రేడియో లైసెన్సు కాగితానికి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన వేలాడదీశాడు. వాళ్ల వీధి చివర శిల్పాలు చెక్కేవాళ్లు ఉండేవాళ్లు. పొద్దున మొదలైన ఉలి చప్పుడు సందకడదాకా వినిపించేది. మొదటిసారి పోయినప్పుడు ఆ చప్పుడులోనే రేడియో తగిలించాను. ఎర్ర తీగ ఒక పక్క, నల్ల తీగ ఇంకో పక్క. అవి తారుమారైతే రేడియో లోపల కాలిపోతుంది. ఇంట్లోవాళ్లకు గుర్తుండాలని గోడ మీద సుద్దముక్కతో, ఎర్రదాని పక్కన "ఈడ" అనీ నల్లదాని పక్కన "ఆడ" అనీ రాసి వచ్చాను.

పది రోజులకు కండక్టరుతో కబురొచ్చింది, ఆళ్లగడ్డ బ్యాటరీ దిగిందని. వాన పడుతుండగానే బస్సు దిగి, నింపిన బ్యాటరీ నెత్తిన పెట్టుకుని పోయాను. వాకిలికి అడ్డంగా ఒక పిల్ల నిలబడి ఉంది. కొండయ్య కూతురు రంగనాయకమ్మ. అప్పటికి నాకు పేరు తెలియదు. నెత్తి మీద బరువుంది, దారి ఇస్తుందేమోనని చూశాను. ఇవ్వలేదు.

"బ్యాటరీ అప్పవు నువ్వేనా?" అంది.

అవునన్నాను.

"గోడ మీద రాసింది నువ్వేనా?"

దానికీ అవునన్నాను.

"రా. సదువు."

బ్యాటరీ దించి చదివాను. నల్ల తీగ పక్కన "ఆడ" అని నా రాతే ఉంది.

"నల్లదయితే ఆడదా? నువ్వు పోయినప్పట్నుంచీ ఇంటికొచ్చినోళ్లందరికీ మా వదిన నన్ను ఆ తీగ పక్కన నిలబెట్టి చూపిస్తాంది. నిన్ను జూసే రాసిపోయినాడు పొమ్మంటాంది. నేను నీకేం జేస్తి?"

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎర్రది ఈడ పెట్టాలి, నల్లది ఆడ పెట్టాలి అని రాశానే గానీ, ఆడామగా ఏమీ లేదని మెల్లగా చెప్పాను.

"ఈడ అనేది యాడుంది మరి?"

ఇద్దరం గోడ చూశాం. మట్టి మిద్దె కదా, వానకు కారి ఎర్రతీగ పక్కన గోడంతా తడిసింది. "ఈడ" పూర్తిగా కొట్టుకుపోయింది. "ఆడ" ఒక్కటే మిగిలింది.

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకునేవాళ్ల ముక్కుపుటాలు ఎట్లా ఉంటాయో మాత్రం ఆ రోజు చూశాను.

ఎంతవరకు చదివానో అడిగింది. మూడు అన్నాను. తను ఎనిమిది అంది. కూడిక గుర్తు, తీసివేత గుర్తు వస్తాయా అంది. వస్తాయన్నాను. మళ్లీ రాద్దామని నేను తీసిన సుద్దముక్క లాక్కుని, ఎర్రదాని పక్కన అరచేయంత కూడిక గుర్తు వేసింది, నల్లదాని పక్కన గీత గీసింది. "ఇవి ఏ ఊరోళ్లకైనా ఒకటే" అని సుద్దముక్క తిరిగి ఇచ్చింది.

ఆమె నలుపే, కోడలా. మన రేగడి చేను వాన వెలిసిన మర్నాడు ఎట్లా ఉంటుందో అట్లాంటి నలుపు. తిరుగు బస్సులో దిగిపోయిన బ్యాటరీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నంద్యాలలో దిగేసరికి పంచెకు అణా బిళ్లంత చిల్లి పడి ఉంది. యాసిడ్ కారింది చూసుకోలేదు. నాలుగేళ్లలో ఒక్కసారీ గుడ్డ కాల్చుకోని నన్ను సంజీవయ్య కిందికీ మీదికీ చూసి, ఏమీ అడగకుండా కొత్త పంచె ఇచ్చాడు.

అప్పటినుంచి పది రోజులకొకసారి ఆళ్లగడ్డ. పోయేది, తగిలించేది, పలికిందాకా కూర్చునేది. మజ్జిగ ఆమె వదిన తెచ్చేది. ఆమె తలుపు చాటునుంచి ఏదో ఒకటి అడిగేది. యాసిడ్ వాసన అన్నంలోకి రాదా అని ఒకసారి, బ్యాటరీలో ఉండేది నీళ్లయితే కరెంటు తడవదా అని ఇంకోసారి. నేను చెప్పేవాణ్ని. రేడియో అరగంటలో పలికితే చాలు, నేను దాన్ని గంటన్నర పరీక్ష చేసేవాణ్ని.

అక్టోబరులో రష్యావాళ్లు ఆకాశంలోకి చిన్న చంద్రుణ్ణి పంపారని రేడియోలో వచ్చింది. ఆ దఫా పోయేసరికి కొండయ్య వాకిలి నిండా జనం. వార్తలు అయిపోయి వాళ్లంతా లేచిపోయాక రంగనాయకమ్మ పేపరు తెచ్చి, గోళానికి నాలుగు మీసాలున్న బొమ్మ చూపించింది.

"దీంట్లో బ్యాటరీ ఉండాదంట. నిజమేనా?"

"లేకుంటే కూత యాడినుంచి వస్తాది?"

"మరి అది దిగిపోతే, ఆడికి పోయి మార్చేదెవురు?"

"ఎవురూ లేరు. అయిపోతే అంతే. మూగదై తిరుగుతాంటాది."

ఆమె బొమ్మ మీద ఆ మీసాలు వేలితో తడిమింది. అంత కష్టపడి అంత ఎత్తుకు పంపి, తర్వాత పలకరించే దారి పెట్టలేదా అని అడిగింది. ఎండ తగిలి దానంతటదే నిండే బ్యాటరీ ఉంటే సరిపోయేది అన్నాను. అట్లాంటిది ఉందా అంది. నేనైతే చూడలేదన్నాను.

"దానికన్నా మన బ్యాటరీ నయం. పది దినాలకొక తూరి బస్సెక్కిపోయి వస్తాది" అంది. పేపరు మడిచి లోపలికి పోతూ, "పది దినాలు గూడా శానా ఎక్కువే" అంది.

ఆ మాట దేని గురించి అన్నదో ఆలోచిస్తూ మజ్జిగ తాగుతుంటే వదిన ఇంకో మాట చెప్పింది. కొత్తపల్లె నుంచి సంబంధం వచ్చిందట. ఇరవై ఎకరాలు, ఒక్కడే కొడుకు. మాఘమాసంలో పెండ్లి. "కొత్తపల్లెకు గూడా బ్యాటరీ మోస్తావా ఏంది?" అని ఎగతాళి చేసింది. నేను మోస్తానన్నట్టు తలూపానట. నాకు గుర్తులేదు.

బస్సులో వేళ్లు మడిచి లెక్క వేశాను. పది రోజులకొకసారి అంటే మాఘం లోపల పది చూపులు. పది చూపుల్లో, మాట రాని నాలాంటివాడు ఏం చెప్పగలడు? కనీసం ఇరవై కావాలి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాసుకో కోడలా. ఇది ఇంతవరకు మన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బ్యాటరీ నిండేటప్పుడు లోపలినుంచి బుడగలు లేస్తాయి. బుడగలు లేచాక కూడా కొంతసేపు ఉంచాలి. కొండయ్య బ్యాటరీకి బుడగలు రాకముందే తీగలు పీకాను. సగం చార్జి. పైకి చూస్తే అంతే బరువు, అదే పెట్టె. పది రోజులు పలకాల్సింది ఐదు రోజులే పలుకుతుంది. అప్పుడు కబురొస్తుంది, నేను పోతాను. కొండయ్య దుడ్లు పోకూడదని సగానికి సగమే తీసుకుని మిగతాది నా జీతంలోంచి వేశాను. అయినా అది మోసమే. నాలుగేళ్లు నన్ను నమ్మి అంగడి వదిలిపెట్టిన సంజీవయ్యకూ మోసమే.

ఐదో రోజు కబురొచ్చింది. పోయాను. ఆమెను చూశాను. రష్యావాళ్ల చంద్రుడు మూగవోయాడని, మూడు వారాలే పలికాడని ఆమె చెప్పింది. పాపం అన్నాను. పాపమే అంది. ఆ రోజు అంతే మాట్లాడుకున్నాం. అయినా ఆ బస్సు ప్రయాణం నాకు పండగలా ఉండింది.

తర్వాతే లెక్క తప్పింది. ఐదు రోజులు రావాల్సింది మూడో రోజే కబురొచ్చింది. ఆ తర్వాత సగం నింపి ఇచ్చిన ప్రతిసారీ మూడో రోజే. బ్యాటరీలో పలకలు చెడ్డాయేమోనని విప్పి చూశాను, బాగానే ఉన్నాయి. రేడియో ఎక్కువ తింటోందేమోనని దాన్నీ విప్పాను, దానికీ ఏ జబ్బూ లేదు. ఒకసారి భయమేసి నిండా నింపుదామనుకున్నాను. కానీ మార్గశిరం వచ్చేసింది. కొత్తపల్లెవాళ్లు వచ్చే వారం తాంబూలాలకు వస్తున్నారని కండక్టరే చెప్పాడు. ఇంక ఒక్కసారి, ఈసారి నోరు తెరిచి చెప్తాను అనుకుని ఆ బ్యాటరీ కూడా సగమే నింపాను.

పోయాను. నోరు తెరవలేదు. తగిలించి, మజ్జిగ తాగి, వచ్చేశాను.

ఒక్క రోజు గడిచింది. ఆ మర్నాడు పొద్దున మొదటి బస్సు కండక్టరు దిగీదిగగానే, కొండయ్య నిన్ను చేతిలో పని వదిలి రమ్మన్నాడు అని చెప్పాడు. ఆయన ముఖం చూస్తే అది మామూలు కబురు కాదని తెలిసింది.

కొండయ్య వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేల మీద బ్యాటరీ. దాని పక్కన గొంతుక్కూర్చున్నది లక్ష్మయ్య, ఆళ్లగడ్డలో బస్సులు బాగుచేసే మెకానిక్కు. చేతిలో యాసిడ్ చిక్కదనం చూసే గాజు గొట్టం ఉంది. అది ముంచితే బ్యాటరీలో ఎంత ఉందో దాగదు. వీధి చివర ఉలి చప్పుడు ఎప్పటిలాగే వినిపిస్తోంది.

"మొన్న మధ్యాన్నం తెచ్చినావు. నిన్న నేను చేను నుంచి వచ్చి వార్తలు పెడితే కుయ్యీ లేదు కయ్యీ లేదు" అన్నాడు కొండయ్య. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నిండా పెట్టి తెచ్చినావా లేదా? ఒక్క మాట చెప్పు."

లక్ష్మయ్య గొట్టం పైకెత్తి చూపించాడు. లోపల తేలాల్సిన బిళ్ల అడుగున కూర్చుంది. పూర్తిగా ఖాళీ. "నిండు బ్యాటరీ ఒక్క దినానికి ఇట్ల దిగదు కొండయ్యన్నా. పెట్టినోడే సరింగా పెట్టల్యా" అన్నాడు.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. సగం పెట్టినమాట నిజమే. సగమైనా ఐదు రోజులు రావాలి కదా, ఒక్క రోజుకు ఖాళీ ఎట్లయింది? కానీ నేను చేసింది నాకు తెలుసు. ఇంక చెప్పేయాలి అనుకున్నాను. చెప్తే సంజీవయ్య అంగడి పేరు పోతుంది, నా పని పోతుంది, ఈ వాకిట్లో మళ్లీ అడుగు పెట్టను. అయినా చెప్పేయాలి. నోరు తెరిచాను.

"నాయనా, ఆ యప్పను అనొద్దు. నేను పెట్టిడిస్తి."

తలుపు చాటున కాదు, వసారాలోకే వచ్చి నిలబడింది రంగనాయకమ్మ.

"ఏం పెట్టిడిస్తివి?" అన్నాడు కొండయ్య.

"రేడియో. నువ్వు చేనికి పోతానే పెడితి. నువ్వొచ్చే పొద్దుకు ఆపితి. గొంతు తగ్గించి మీద దుప్పటి కప్పితి. వదినకు గూడా తెల్దు. నిన్న ఒక్కదినమే కాదు, నెల దినాల నుంచీ రోజూ కొంచేపు పెడతాంటి, నిన్న మాత్రం పొద్దంతా."

"పొద్దస్తమానం ఏం పాటలు ఇంటాంటివి?"

"ఇనలేదు."

"ఇనకుండా యాలకి పెడితివి మ్మే?"

ఆమె నా వైపు చూడలేదు. వాళ్ల నాయన ముఖమే చూస్తూ చెప్పింది.

"అది దిగిపోతేనే గదా ఈ యప్ప వచ్చేది."

లక్ష్మయ్య గొట్టంలోని యాసిడ్ మెల్లగా బ్యాటరీలోకే వదిలాడు. లోపల వదిన చేతిలోంచి గిన్నె జారిన చప్పుడైంది.

ఆ నిమిషంలో నాకు లెక్క కుదిరింది. రేడియో పొద్దుటినుంచి సాయంత్రం దాకా మోగితే దిగేది సగం బ్యాటరీ. ఆ సగం రంగనాయకమ్మది. ఇంకో సగం నాది. అది నేను అసలు పెట్టనే లేదు. ఈ లెక్క ఆ వసారాలో నాకొక్కడికే తెలుసనుకున్నాను.

చెప్పాల్సింది అప్పుడే. ఆమె అంత ధైర్యంగా తన తప్పు చెప్పాక, నా తప్పు చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి? కానీ చెప్పలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

కొండయ్య మంచం మీదినుంచి లేచి, గోడకున్న కూడిక గుర్తు దగ్గరదాకా పోయి, తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"ఓబులేసు గదా నీ పేరు. ఇంటిపేరేంది?"

నాలుగు నెలలుగా ఆ ఇంటికి పోతున్నాను. బ్యాటరీ అప్పకు ఇంటిపేరు ఎవరూ అడగలేదు. ఇంటిపేరు అడిగారంటే దాని అర్థం ఏమిటో నీకు చెప్పనక్కరలేదు కోడలా. చెప్పాను. ఏ ఊరు అన్నాడు. చెప్పాను. మీ నాయన పేరు, మీ అవ్వ పుట్టిల్లు, మేనమామలు ఎక్కడివాళ్లు అని వరుసగా అడిగాడు. మా పెద్దమ్మను ఇచ్చిన ఊళ్లోనే వాళ్ల అత్తగారి చుట్టాలు ఉన్నారని తేలింది. మా కులంవాళ్లే.

"చేనెంత వస్తాది నీ పాలికి?"

"ఎకరా గూడా రాదు."

"కొత్తపల్లె పిల్లోనికి ఇరవై ఉండాది" అన్నాడు. కూతురి వైపు చూశాడు. ఆమె కదల్లేదు. మళ్లీ నా వైపు తిరిగి, "పని నిజంగా చేస్తావా? మోసం గీసం లేకుండా?" అన్నాడు.

చేస్తానన్నాను. ఆ ఒక్క మాట మాత్రం అప్పటినుంచి అబద్ధం కాలేదు.

"మీ నాయన్ను పిల్చుకరా. బేగా రావల్ల. కొత్తపల్లెవాళ్లు రాకముందే" అన్నాడు.

లక్ష్మయ్య బస్టాండు దాకా నాతో నడిచాడు. ఖాళీ బ్యాటరీకి తను ఒక చేయి వేశాడు. ఎక్కేముందు, "ఓబులేసూ, ఆ పాప పొద్దస్తమానం పెట్టిడిసినా అంత దిగదు. నాకు తెల్దనుకున్యావా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "పో. ఇంగెప్పుడూ చెయ్యొద్దు" అని బస్సు రేకు మీద తట్టి వెళ్లిపోయాడు. ఆయన చనిపోయేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సంజీవయ్యకు మాత్రం ఆ సాయంత్రమే నేను చెప్పాను. నెల రోజులు నన్ను ఏ బ్యాటరీ ముట్టనివ్వలేదు, అంగడి ఊడ్పించాడు. తర్వాత మళ్లీ తీగలు చేతికిచ్చాడు.

మాఘమాసంలో పెండ్లయింది. నంద్యాలలో చిన్న ఇంట్లో కాపురం పెట్టాం. ఆ ఎండాకాలం మొదట్లో ఒక రోజు మీ అత్త పేపరు పట్టుకుని అంగడికే వచ్చింది. అమెరికావాళ్లు బత్తాయికన్నా కొంచెం పెద్ద గోళాన్ని పైకి పంపారట, అది ఎండతోనే పలుకుతుందట. "నువ్వు చెప్పిందే చేసినారు సూడు" అని సంజీవయ్య ముందే చెప్పింది. ఆమె కళ్లలో నేనంటే ఉన్న గౌరవం చూసి నాకు సిగ్గేసింది. ఆ పూట చెప్పేద్దామనుకున్నాను. అంగడిలో మనుషులున్నారని ఊరుకున్నాను. ఆ తర్వాత పిల్లలు పుట్టారని, పండగ అని, చావు అని, ఏదో ఒకటి.

అందరూ కూర్చున్నప్పుడల్లా ఈ కథ తనే చెప్తుంది, నువ్వూ ఎన్నోసార్లు విన్నావు. రేడియో పెట్టి ఈయన్ను రప్పించుకున్నా అని. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ మా అమ్మ బతికినన్నాళ్లూ ఆ మాట పట్టుకుని మీ అత్తను దుబారా మనిషి అనేది. దీపం ఒక్క నిమిషం ఎక్కువ వెలిగినా, బ్యాటరీ పొద్దంతా తగలేసిన చేతులు కదా అనేది. కొండయ్య మామ కూడా పోయేదాకా కూతుర్ని రేడియో ముట్టనివ్వలేదు. ఆమె ఒక్కనాడూ ఎదురు మాట్లాడలేదు. తప్పు తనదే అనుకుంది. అందులో సగం నాదని నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నీరజ వల్ల.

పోయిన నెల వాళ్ల ఉపగ్రహం ఒకటి నీడలోకి పోయి మూగవోయిందట. బ్యాటరీలో ఇంత ఉంది అని అది పైనుంచి అంకె పంపుతుంది. ఆ అంకె నమ్మే కిందివాళ్లు పని చేయిస్తారు. అంకె ఎక్కువ చూపించింది, లోపల తక్కువ ఉంది. తప్పు ఎక్కడుందో ఇరవై మంది వెతికారు. నీరజకే దొరికింది, రెండేళ్ల కిందట తను పరీక్ష చేసి రాసిన కాగితంలోనే. ఆ కాగితం ఇంకెవరూ చూసేవాళ్లు కాదట. బ్యాటరీ చెడిందని రాసేస్తే అయిపోయేది. ఆ పిల్ల మీటింగులో లేచి, లెక్క నాదే తప్పు అని అందరి ముందూ చెప్పింది. తర్వాత ఆ లెక్క సరిచేసి, ఎండలో ఉన్నప్పుడు పనులన్నీ ఆపించి నింపిస్తే, మూడో రోజు అది మళ్లీ పలికిందట.

ఇదంతా ఫోనులో చెప్పి, "భయమేసింది తాతా, పని పోతాదనుకుంటి" అంది. నేనేమీ అనలేకపోయాను. సిగ్నలు లేదేమోనని పెట్టేసింది.

తొమ్మిదేళ్ల పనిలో ఆ పిల్ల ఒక్క తప్పు చేసి, తెలిసిన రోజే చెప్పింది. నేను ఇన్నేళ్లు ఆగాను.

నువ్వు గురువారం బెంగళూరుకు పోతాండావు గదా. నీరజ కథ అడిగింది, ఆ పిల్లకు తర్వాత ఇయ్యి. ముందు మీ అత్తను కూర్చోబెట్టి, కళ్లద్దాలు ఇయ్యకుండా, నువ్వే చదివి వినిపించు. గట్టిగా చదువు, ఎడమ చెవి సరిగా వినపడదు. బుడగలు రాకముందే తీగలు పీకిన కాడ ఆపొద్దు, తప్పించొద్దు. అయిపోయినాక ఏమంటాదో అట్లనే రాసుకొని రా. ఏమీ అనకపోతే, ఏమీ అనలేదనే చెప్పు.